చదువొకటే, పుట్టుకలు వేరు

మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్.కో, ఎం.ఎస్.కో, పీహెచ్.డి.కో వెళ్దామనుకునే విద్యార్థికి మొదటి తికమక బోర్డుల దగ్గరే వస్తుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆ శాఖ పేరు ‘మెటీరియల్స్ ఇంజనీరింగ్’. ఐఐటీ మద్రాసులోనూ వరంగల్ నిట్‌లోనూ ‘మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజనీరింగ్’. బొంబాయిలో ‘మెటలర్జికల్ ఇంజనీరింగ్ అండ్ మెటీరియల్స్ సైన్స్’. కాన్పూరు బోర్డు మీద మెటలర్జీ అన్న మాటే ఉండదు. హైదరాబాదు ఐఐటీలో ‘మెటీరియల్స్ సైన్స్’ ముందు, ‘మెటలర్జికల్ ఇంజనీరింగ్’ వెనక. కాశీలో మెటలర్జీ శాఖ ఒకటి, మెటీరియల్స్ సైన్స్ స్కూలు మరొకటి, రెండూ ఒకే ఆవరణలో.

ఇన్ని పేర్లున్నా మొదటి సంవత్సరం పాఠాలు చూస్తే దాదాపు అన్నిచోట్లా ఒకటే. స్ఫటిక నిర్మాణం, థర్మోడైనమిక్స్, ఫేజ్ డయాగ్రములు, డిఫ్యూజన్. తేడా వచ్చేది రెండో సంవత్సరంలో, థీసిస్ మొదలుపెట్టేటప్పుడు. ఒక శాఖలో ఉక్కు తప్ప వేరే మాట వినపడదు. మరోచోట ప్రొఫెసర్లలో సగంమంది బ్యాటరీల మీదో, సెమీకండక్టర్ల మీదో ఉంటారు. ఇది యాదృచ్ఛికం కాదు. ఏ శాఖను ఎవరి అవసరం పుట్టించిందో, ఎవరి డబ్బు పెంచిందో ఆ గుర్తు దశాబ్దాలు గడిచినా దాని ల్యాబుల్లో కనపడుతూనే ఉంటుంది. ఆ చరిత్ర మూడు వందల ఏళ్ళకు లోపుదే.

అంతకుముందు లోహవిద్యకు బడి లేదు. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. మట్టి మూసలో ఇనుము పెట్టి, మూతి మూసి, కొలిమిలో గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చి ముద్దలు తీసేవారు. పర్షియా వర్తకులు వచ్చి వాటిని కొనుక్కుపోయేవారు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయ్‌సీ అనే ఆంగ్లేయ వైద్యుడు ఆ పని చూసి రాసిన వివరం తర్వాత అచ్చయింది. ఇలాంటి దక్షిణాది ఉక్కు ముద్దల మీద 1795లోనే జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్ళపాటు అదే రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. కొలిమి దగ్గరి పనివాడికి మాత్రం ఏ విద్య ఎక్కడ నేర్చుకోవాలన్న ప్రశ్నే రాలేదు. తండ్రి చేతి కింద పని చేసి నేర్చుకోవడమే చదువు. అడిగేవాడు లేక కొలిమి ఆరిపోయినప్పుడు ఆ చదువూ దాంతోపాటే ఆరిపోయింది.

ఐరోపాలో లోహవిద్యను బడిలోకి తెచ్చింది గనులు. జర్మనీలోని సాక్సనీ రాజ్యానికి వెండి గనులే ఆదాయం. వాటిని నడిపే ఉద్యోగులకోసం 1765లో ఫ్రైబర్గ్‌లో గనుల అకాడమీ పెట్టారు. తర్వాత ప్రపంచయాత్రికుడిగా పేరుపడ్డ అలెగ్జాండర్ హంబోల్ట్ అక్కడి విద్యార్థే. పారిస్‌లో 1783లో గనుల బడి వచ్చింది. ఇవాళ మన పిల్లలు అమెరికా వెళ్తున్నట్టే, పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా కుర్రవాళ్ళు లోహవిద్య కోసం ఓడెక్కి ఫ్రైబర్గ్ వెళ్ళేవారు. న్యూయార్క్‌లోని కొలంబియాలో 1864లో గనుల స్కూలు తెరిచాక గానీ ఆ ప్రయాణాలు తగ్గలేదు.

ఆ తర్వాత అమెరికాలో ఏ ఊరి సరుకుకు ఆ ఊరి చదువు పుట్టింది. బంగారు గనులున్న కొలరాడోలో 1874లో ‘స్కూల్ ఆఫ్ మైన్స్’. రాగి దొరికే ఉత్తర మిషిగన్‌లో 1885లో మరో గనుల బడి. బంకమన్ను, ఇటుకలు, పింగాణీ వ్యాపారం నడిచే ఒహాయోలో 1894లో ఎడ్వర్డ్ ఆర్టన్ చేతుల మీదుగా దేశంలోనే తొలి సెరామిక్ ఇంజనీరింగ్ శాఖ. టైర్ల కంపెనీల ఊరు ఏక్రన్‌లో 1909 నాటికే రబ్బరు రసాయనశాస్త్రం పాఠాలు. ఉక్కు పట్టణం పిట్స్‌బర్గ్‌లో 1900లో ఉక్కు ధనవంతుడు కార్నెగీ పెట్టిన సాంకేతిక పాఠశాల. ఒక్కో పదార్థానికి ఒక్కో ఇల్లు, ఒక్కో భాష. ఉక్కు చదివినవాడికి పింగాణీ పట్టదు, పింగాణీ చదివినవాడికి రబ్బరు తెలియదు.

వీటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చే పనిముట్టు మాత్రం అప్పటికే ఇంగ్లండులో తయారై ఉంది. ఉక్కు ఊరు షెఫీల్డ్‌లో హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ అనే ధనికుడు సొంత ఖర్చుతో సైన్సు చేసుకునేవాడు. రాళ్ళను పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూడటం అతని అలవాటు. 1863లో ఆ చూపును ఉక్కు మీదికి తిప్పాడు.

ఆ పనిని ఇవాళ్టికీ ప్రతి మెటలర్జీ విద్యార్థీ చెయ్యాల్సిందే. వేలెడంత ఉక్కు ముక్కను కోసి, చదునుచేసి, గరుకు ఎమెరీ కాగితం మీద ఒకే దిక్కుగా రుద్దాలి. గీతలన్నీ ఒకే వైపు పడ్డాక ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి, ఇంకాస్త నున్నటి కాగితం మీద పాత గీతలు పోయేదాకా మళ్ళీ రుద్దాలి. ఇలా నాలుగైదు కాగితాలు మారాక, తిరిగే గుడ్డ చక్రం మీద అల్యూమినా పొడితోనో వజ్రపు లేపనంతోనో మెరుగుపెడితే ముక్క అద్దమవుతుంది. ఆ అద్దంలో మొహం కనపడుతుంది గానీ లోహం కనపడదు. రెండు శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచితే మెరుపు మసకబారుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద పెడితే ఉక్కు లోపలి గింజలు, వాటి సరిహద్దులు, ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు తేలతాయి. ముత్యంలా మెరిసే ఆ పొరల అమరికను సోర్బీయే గుర్తించాడు. దానికే తర్వాత పెర్లైట్ అని పేరు వచ్చింది. లోహం గుణం దాని లోపలి నిర్మాణాన్ని బట్టి ఉంటుందన్న మాట అక్కడ మొదలైంది. ఈ మాట పింగాణీకీ ప్లాస్టిక్‌కీ సిలికాన్‌కీ కూడా వర్తిస్తుందని తేలడానికి మరో తొంభై ఏళ్ళు పట్టింది.

అది తేల్చింది రెండో ప్రపంచ యుద్ధం. అణుబాంబు తయారీలో ప్లుటోనియం అనే కొత్త లోహాన్ని లొంగదీయడానికి అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో లోహశాస్త్రవేత్తలు, భౌతికశాస్త్రవేత్తలు, రసాయనశాస్త్రవేత్తలు ఒక కప్పు కింద పని చెయ్యాల్సి వచ్చింది. అక్కడి లోహ విభాగాన్ని నడిపిన సిరిల్ స్టాన్లీ స్మిత్, యుద్ధం ముగిశాక 1946లో షికాగో విశ్వవిద్యాలయంలో ఈ మూడు జాతులవారినీ కలిపి లోహాల అధ్యయన సంస్థ పెట్టాడు. మరోవైపు బెల్ ల్యాబ్స్‌లో 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది. దానికి కావలసినంత స్వచ్ఛమైన జెర్మేనియం మాత్రం దొరకలేదు. ఆ చిక్కు విప్పింది అదే ల్యాబులోని విలియం ఫాన్. కడ్డీలో సన్నని భాగాన్ని మాత్రమే కరిగించి, ఆ కరిగిన పట్టీని ఒక కొస నుంచి మరో కొసకు నడిపిస్తే మలినాలు దాంతోపాటు పోతాయని చూపించాడు. లోహాలు ఘనీభవించే తీరు తెలిసినవాడి చేతిలో ఎలక్ట్రానిక్స్ నిలబడింది.

బెల్ ల్యాబ్స్ నుంచే 1954లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన మోరిస్ ఫైన్, అక్కడ మెటలర్జీలో పై చదువుల శాఖను నిలబెట్టడంలో ముందున్నాడు. 1950ల చివర ఆ శాఖ పేరు ‘మెటీరియల్స్ సైన్స్’ అయింది. ఆ పేరుతో వచ్చిన తొలి విశ్వవిద్యాలయ శాఖ అదేనని చెబుతారు. గమనించాల్సిందేమంటే, ఈ విద్య పైనుంచి కిందికి దిగింది. ముందు పీహెచ్.డి.లు, తర్వాత బి.ఎస్.లు.

ఆలోచన ఉంటే చాలదు, డబ్బు కావాలి. అది 1957 అక్టోబరులో ఆకాశంలోంచి వచ్చింది. రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. కంగారుపడ్డ అమెరికా మరుసటి ఏడాది ‘ఆర్పా’ అనే రక్షణ పరిశోధన సంస్థను పెట్టింది. రాకెట్ నాజిల్ ఎంత వేడికి ఆగుతుంది, రియాక్టర్ గొట్టం ఎన్నాళ్ళు నిలుస్తుంది అని లెక్కవేస్తే చివరకు అన్నీ పదార్థం దగ్గరే ఆగుతున్నాయి. 1960లో కార్నెల్, పెన్సిల్వేనియా, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాలకు ఆర్పా దీర్ఘకాలిక నిధులిచ్చి, అన్ని శాఖలూ కలిసి వాడుకునే ల్యాబులు కట్టించింది. తర్వాత ఎం.ఐ.టి., స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, ఇల్లినాయి వగైరాలు చేరి మొత్తం 12 అయ్యాయి. 1972లో ఆ ల్యాబుల బాధ్యత నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు మారింది.

ఆ నిధులతో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు, స్ఫటికాలు పెంచే కొలిములు మాత్రమే కాదు, విద్యార్థుల జీతాలూ వచ్చాయి. ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని చేస్తే ఫీజు మాఫీ, పైగా నెలనెలా భత్యం. అమెరికాలో మెటీరియల్స్ పీహెచ్.డి.కి డబ్బు కట్టనక్కర్లేదని, ఎం.ఎస్.కు మాత్రం చాలావరకు సొంత డబ్బే పెట్టుకోవాలని ఇవాళ సీనియర్లు చెప్పే లెక్కకు మూలం ఇక్కడ చాలానే ఉంది. పీహెచ్.డి. విద్యార్థి అక్కడ కూలి తీసుకునే పరిశోధకుడు. ఎం.ఎస్. విద్యార్థి ఎక్కువచోట్ల ఫీజు కట్టే విద్యార్థి.

మన దేశంలో దారి వేరు. జంషెడ్‌పూర్‌లో టాటాల కొలిమి 1912లో ఉక్కు పోసినప్పుడు దాన్ని నడిపింది ఎక్కువగా విదేశీ నిపుణులే. మనవాళ్ళకు ఆ విద్య నేర్పడానికి మదనమోహన మాలవీయ పెట్టిన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1923లో మెటలర్జీ చదువు మొదలైంది. ఎన్.పి. గాంధీ దానికి సారథి. దేశంలో ఈ విద్యకు డిగ్రీ ఇచ్చిన తొలి చోటు అదే. 1945లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మరో పెద్ద శాఖ వచ్చింది. స్వాతంత్ర్యం రాబోతున్న ఆ రోజుల్లో ప్రభుత్వం వందలమంది యువకులను స్కాలర్‌షిప్పుల మీద విదేశాలకు పంపుతోంది. అప్పటికే పంజాబ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న బ్రహ్మప్రకాశ్ ఎం.ఐ.టి.కి వెళ్ళి, 1949లో రెండో డాక్టరేట్‌తో తిరిగొచ్చాడు. హోమీ భాభా ఆయన్ను అణుశక్తి పనిలోకి తీసుకున్నాడు. 1951లో బెంగళూరు శాఖకు ఆయన తొలి భారతీయ అధిపతి అయ్యాడు. అలా మన లోహవిద్యకు ఇద్దరు పోషకులు కుదిరారు: ఉక్కు మిల్లు, అణు రియాక్టరు.

కాశీలో 1962 తర్వాత నడిచిన కథ తెలుగువారికి దగ్గరిది. రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన టి.ఆర్. అనంతరామన్ ఆ ఏడాది అక్కడ ప్రొఫెసర్‌గా చేరాడు. అప్పటికే కాలిఫోర్నియాలో ఒక వింత బయటపడి ఉంది. కాల్‌టెక్‌లో పోల్ డ్యూవే బృందం 1960లో కరిగిన బంగారం-సిలికాన్ మిశ్రమం బొట్టును చల్లని రాగి పలక మీదికి చిమ్మింది. సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల చొప్పున చల్లారిన ఆ బొట్టులో పరమాణువులకు వరసల్లో సర్దుకునే వ్యవధి లేకపోయింది. లోహం గాజయింది. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, ఓపికా తెలివీ కావాలి. అనంతరామన్ ఈ అంశాన్ని పట్టుకున్నాడు.

ఆయన దగ్గరికి చేరినవారిలో కృష్ణా జిల్లా కవుతరంలో పుట్టిన పాచా రామచంద్రరావు ఒకరు. చల్లపల్లి సూర్యనారాయణ మరొకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఎం.ఎస్సీ. చేసి మెటలర్జీలోకి వచ్చిన పల్లె రామారావు ఇంకొకరు. రామచంద్రరావు తర్వాత జంషెడ్‌పూర్ నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీకి డైరెక్టరై, ఆపై తాను పరిశోధన చేసిన కాశీ విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్ అయ్యారు. సూర్యనారాయణ అమెరికాలో స్థిరపడ్డారు. పొడులను గుండ్ల మరలో తిప్పి మిశ్రలోహాలు చేసే పద్ధతి మీద 2001లో ఆయన రాసిన సమీక్షను ఆ రంగంలో అడుగుపెట్టే ప్రతివారూ చదువుతారు. రామారావు హైదరాబాదు వచ్చి రక్షణ లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్.ను నడిపారు, ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ చాన్సలరయ్యారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ముగ్గురూ ఎంచుకున్నది ఊరి పేరు చూసి కాదు. ఆ సమయంలో దేశంలో ఆ పని నడుస్తున్న చోటికి వెళ్ళారు.

హైదరాబాదు లోహాల నగరంగా మారింది కూడా ఆ రోజుల్లోనే. డి.ఎం.ఆర్.ఎల్. 1963లో వచ్చింది. 1971లో అణు ఇంధన గొట్టాలు చేసే ఎన్.ఎఫ్.సి., 1973లో ప్రత్యేక లోహాల కర్మాగారం మిధాని నెలకొన్నాయి. తర్వాత పౌడర్ మెటలర్జీకి ఏ.ఆర్.సి.ఐ. వచ్చింది. అర్జున్ ట్యాంకు కవచానికి ‘కంచన్’ అన్న పేరు డి.ఎం.ఆర్.ఎల్. ఉన్న కంచన్‌బాగ్ నుంచి వచ్చిందే. టైటానియం, సూపర్ అల్లాయ్‌లు, జిర్కోనియం మీద పని చెయ్యాలనుకునే విద్యార్థికి దేశంలో ఇంతకు మించిన ఇరుగుపొరుగు దొరకడం కష్టం. చుట్టుపక్కల ఉన్న మెటలర్జీ శాఖల్లో ఈ సంస్థలతో కలిసి చేసే థీసిస్‌లు కనపడటానికి కారణం అదే.

ఈలోగా అమెరికాలో పాత ఇళ్ళ గోడలు కూలుతున్నాయి. ఎం.ఐ.టి. తన మెటలర్జీ శాఖకు 1960ల్లో మెటీరియల్స్ అన్న మాట చేర్చి, 1970ల మధ్యకల్లా మెటలర్జీ అన్న మాట తీసేసింది. ఇల్లినాయిలో 1980ల్లో మెటలర్జీ, సెరామిక్స్ శాఖలు కలిసిపోయాయి. అదే దశకంలో శాంటా బార్బరాలో పై చదువులకు మాత్రమే ఒక కొత్త మెటీరియల్స్ శాఖ పుట్టింది. దానికి గని లేదు, ఉక్కు మిల్లూ లేదు. సెమీకండక్టర్లే దాని బలం. తర్వాత నోబెల్ అందుకున్న హెర్బర్ట్ క్రోమర్, షుజీ నకమురా ఇద్దరికీ ఆ శాఖతో బంధం ఉంది. ఇక మొత్తం రంగానికి ఒక పటం గీసింది 1989 నాటి అమెరికా జాతీయ నివేదిక. తయారీ, నిర్మాణం, గుణం, పనితీరు అనే నాలుగు కొసల చతుర్ముఖి బొమ్మ ఇవాళ ప్రతి ప్రొఫెసర్ మొదటి స్లైడ్‌లో ఉంటుంది. ఆ నివేదిక కమిటీకి ఇద్దరు సారథులు: ఎం.ఐ.టి. ప్రొఫెసర్ మెర్టన్ ఫ్లెమింగ్స్, ఐబిఎమ్‌కు చెందిన ప్రవీణ్ చౌధరి. చౌధరి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెటలర్జీ చదివి ఎం.ఐ.టి.కి వెళ్ళినవాడే.

అక్కణ్ణుంచి పోషకులు మారుతూనే ఉన్నారు. నానో అన్న మాట ఊపందుకున్న రోజుల్లో కాశీలో మెటలర్జీ బి.టెక్. చేసి నార్త్‌వెస్టర్న్‌లో పీహెచ్.డి. ముగించిన పులిక్కల్ అజయన్ కార్బన్ నానోట్యూబుల పరిశోధనలో ముందువరసలో నిలిచాడు. 2011లో అమెరికా ‘మెటీరియల్స్ జీనోమ్’ పథకం కంప్యూటర్ లెక్కలను ల్యాబులోకి తెచ్చింది. 2021 డిసెంబరులో మన ప్రభుత్వం సెమీకండక్టర్లకు 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది, మరుసటి ఏడాది అమెరికా చిప్స్ చట్టం చేసింది. ఇప్పుడు కొత్తగా చేరే అధ్యాపకులు ఏ అంశాల మీద పని చేస్తున్నారో చూస్తే ఈ డబ్బు ఎటు పారుతోందో తెలుస్తుంది. పాత విద్య మాత్రం పోలేదు. అయిదారు లోహాలను దాదాపు సమపాళ్ళలో కలిపే హై-ఎంట్రోపీ మిశ్రలోహాల మీద తొలి పుస్తకాల్లో ఒకటి 2014లో వచ్చింది. రాసినవారు తైవాన్‌కు చెందిన యే, బెంగళూరు ఎస్. రంగనాథన్, 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టరైన బి.ఎస్. మూర్తి. ఫేజ్ డయాగ్రములు గట్టిగా వచ్చినవారికే ఆ దారిలో నడక.

కాబట్టి వరంగల్‌లోనో విశాఖలోనో చివరి సంవత్సరం చదువుతూ దరఖాస్తుల జాబితా రాసుకునే విద్యార్థి ర్యాంకింగుల పట్టిక కన్నా ముందు చూడాల్సినవి మూడున్నాయి. ఆ శాఖలో గత అయిదేళ్ళ థీసిస్‌ల శీర్షికలు చదవాలి. శాఖ ఏమి చేస్తుందో బోర్డు చెప్పదు, అవి చెబుతాయి. ప్రాజెక్టులకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి: రక్షణ శాఖ, ఉక్కు కంపెనీ, బ్యాటరీ కంపెనీ, చిప్ కంపెనీ. ఎందుకంటే రేపు ఉద్యోగం ఇచ్చేదీ చాలావరకు ఆ వైపువాళ్ళే. పెద్ద పరికరాలు సొంతంగా ఉన్నాయా, వాటిని విద్యార్థి చేతికి ఇస్తారా అని ఇప్పుడు అక్కడ చదువుతున్నవారిని అడగాలి. ఇంటి ఆర్థిక పరిస్థితి అంతంతమాత్రంగా ఉంటే, అప్పు చేసి విదేశీ ఎం.ఎస్.కు వెళ్ళేముందు ఒక లెక్క వేసుకోవాలి. గేట్ రాసి చేరితే ఇక్కడి ఎం.టెక్.కు నెలకు 12,400 రూపాయల భత్యం వస్తుంది, ఆ తర్వాత విదేశాల్లో పీహెచ్.డి.కి దారి తెరిచే ఉంటుంది. మెటలర్జీ బి.టెక్. లేదని ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎం.ఎస్సీ.లు వెనకాడనక్కర్లేదు. గేట్‌లో మెటలర్జీ పేపరుతోపాటు ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరులో మెటీరియల్స్ సైన్స్ భాగం విడిగా ఉంది. చాలా శాఖలు ఆ ఎం.ఎస్సీ.లను కూడా ఎం.టెక్.లో చేర్చుకుంటాయి. పల్లె రామారావు వచ్చింది ఆ ఫిజిక్స్ దారినే.